ఇరవై వారాల లెక్క చెప్పండి

బెంగళూరులో బీఈడీ కళాశాలలు నడుపుతున్నవారికి, వాటికి అనుమతులిచ్చి తనిఖీ చేసే అధికారులకు, మమ్మల్ని ఇంటర్న్‌లుగా తీసుకునే బడుల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను బీఈడీ నాలుగో సెమిస్టరు పరీక్షలు రాసి ఫలితాల కోసం చూస్తున్నాను. మాది హిందూపురం దగ్గర పల్లె. నాన్న మేస్త్రీ పని మీద ఇక్కడికొచ్చి పద్దెనిమిదేళ్లయింది. నా చదువంతా కె.ఆర్.పురం చుట్టుపక్కలే సాగింది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, పరీక్షలో ఇంగ్లీషు. లెక్కలు, ఫిజిక్సు నా మెథడ్ సబ్జెక్టులు, అంటే బోధించడం నేర్చుకునే సబ్జెక్టులు.

ఈ సంగతులన్నీ మొదట కాగితం మీద రాసి మా కళాశాల ఫిర్యాదుల పెట్టెలో వేశాను. ఆ పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుందో ఆఫీసులో ఎవరికీ తెలియదు. తర్వాత ప్రిన్సిపాల్‌గారి చేతికే ఇచ్చాను. చదివి, మడిచి, డ్రాయరులో పెట్టుకున్నారు. ఆ తర్వాత పై కార్యాలయానికి స్పీడ్ పోస్టులో పంపాను. అందినట్టు ఫోనుకు మెసేజ్ వచ్చింది. జవాబు మాత్రం ఏడు నెలలైనా రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. కింద నా పేరు ఉండదు. ఇంటర్నల్ మార్కులు ఇంకా మీ చేతిలోనే ఉన్నాయి. పిరికిది అనుకున్నా ఫరవాలేదు. నాన్న కట్టిన ఫీజును నా ధైర్యం కోసం పణంగా పెట్టలేను.

ముందు నిబంధనల సంగతి. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్‌సీటీఈ, 2014లో తెచ్చిన నిబంధనలతో అంతకుముందు ఏడాది కోర్సుగా ఉన్న బీఈడీ రెండేళ్ల కోర్సయింది. కాబోయే టీచరు బడిలో గడిపే కాలాన్ని పెంచాలన్నది అందులో పెద్ద ఉద్దేశం. మొత్తం 20 వారాలు బడిలో ఉండాలి. మాకైతే మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. ఏటా 200 పనిదినాలకు తగ్గకూడదు. క్లాసులకు 80 శాతం హాజరు, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం. ఏడాదికి వందమందిని చేర్చుకునే కళాశాలలో 16 మంది పూర్తికాలపు అధ్యాపకులు ఉండాలి. వెక్కిరింపుగా అనడం లేదు, కాగితం మీద ఇది చాలా మంచి కోర్సు. ఆ కాగితం అమలైతే ఎలా ఉంటుందో 4 వారాలు కళ్లారా చూశాను కాబట్టే ఇంత గట్టిగా అడుగుతున్నాను.

ఆ 4 వారాలు నన్ను ఒక ప్రభుత్వ హయ్యర్ ప్రైమరీ బడికి పంపారు. కన్నడ మీడియం. ఏడో తరగతికి భిన్నాలు చెప్పాలి. పిల్లల్లో చాలామంది బిల్డింగ్ పనులకు వచ్చినవాళ్ల బిడ్డలు. కదిరి, మదనపల్లె, రాయచూరు, ఇంకా పైన ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు. బోర్డు మీద మూడు బై నాలుగు వేసి "ముక్కాలు" అన్నాను. కన్నడలో ముప్పావుకు అదే మాట. రెండో బెంచీలో ఒక తెలుగు పిల్లాడు కిసుక్కున నవ్వాడు. వాడికి ముక్కాలి పీట గుర్తొచ్చింది. నేను కళ్లురిమి చూసి ముందుకు పోయాను. లెసన్ ప్లాన్‌లో నవ్వుకు చోటు లేదు మరి.

మెంటర్ మేడమ్, అంటే ఆ బడిలో నాకు దారి చూపాల్సిన టీచరు, వెనక బెంచీలో కూర్చుని చిన్న నోటుబుక్కులో ఏదో రాసుకుంటున్నారు. గంట కొట్టాక చూపించారు. రెండే రెండు మాటలు. మొదటిది: "పిల్లాడు నవ్విన చోటే నీ పాఠం ఉంది. వదిలేసి పోయావు." మర్నాడు ఆమే స్టాఫ్ రూమ్ మూలనున్న ఒక కాలు విరిగిన కుర్చీని క్లాసులోకి మోసుకొచ్చారు. నాలుగు కాళ్లలో ఎన్ని మిగిలాయని అడిగారు. కన్నడ పిల్లలకు ముక్కాలు, తెలుగు పిల్లలకు మూడు కాళ్లు, బోర్డు మీద మూడు బై నాలుగు. మూడూ ఒకచోట కలిశాయి. ఆ కుర్చీ ఇప్పటికీ ఆ క్లాసులోనే ఉందని విన్నాను.

రెండో మాట: "ప్రశ్న అడిగి ఒక్క సెకను ఆగుతున్నావు. నువ్వే అడుగుతావు, నువ్వే చెప్తావు. ఇక పిల్లలెందుకమ్మా?" మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో క్లాసురూముల్లో గమనించి చెప్పింది ఇదే. టీచర్లు సగటున ఒక్క సెకను ఆగుతున్నారు, మూడు సెకన్లు ఆగగలిగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయి, ఎప్పుడూ నోరెత్తనివాళ్లు కూడా మాట్లాడతారు. ఈ పాఠం నేను అంతకు నెల ముందే చదివాను. పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి. కానీ నా నోరు ఆగడం లేదని నాకు తెలియాలంటే వెనక బెంచీలో ఒక మనిషి కూర్చోవాల్సి వచ్చింది.

మైక్రో టీచింగ్ అని, చిన్న పాఠం చెప్పి లోపాలు దిద్దుకునే అభ్యాసం మాకొకటి ఉంటుంది. పుస్తకంలో ఒక విడతకు 36 నిమిషాలు. చెప్పడానికి 6, విమర్శ వినడానికి 6, పాఠం తిరగరాసుకోవడానికి 12, మళ్లీ చెప్పడానికి 6, మళ్లీ వినడానికి 6. మా కళాశాలలో మొదటి 6 నిమిషాలకే "నెక్స్ట్" అనేవారు. వెనక ఇంకా నలభై మంది వరసలో ఉండేవారు. చదువంతా మిగతా 30 నిమిషాల్లో ఉందని ఆ మేడమ్ నోటుబుక్కు చూశాకే అర్థమైంది.

(ఒక్క మాట పక్కకు పోయి చెప్పాలి. ఆ మేడమ్‌ది 22 ఏళ్ల సర్వీసు. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, రిటైర్మెంటుకు ఐదేళ్లకు మించి ఉన్న పాత టీచర్లు రెండేళ్లలో టెట్, అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్ష, పాసవ్వాలి. ఆమె ఇప్పుడు రాత్రిళ్లు బిట్లు బట్టీ పడుతున్నారు. తీర్పును తప్పుపట్టేంత దాన్ని కాను. కానీ ఆ నోటుబుక్కు ఏ పరీక్షలో దిద్దుతారో చెప్పండి.)

ఇక 16 వారాల సంగతి. మహదేవపుర వైపు ఒక ప్రైవేటు బడి. మొదటి రోజే హెచ్.ఎం. అడిగిన ప్రశ్న "ఏయే క్లాసులు తీసుకోగలవు?" వేసవి సెలవుల్లో ఇద్దరు టీచర్లు మానేశారట. ఆ ఖాళీలు నింపలేదు. టైంటేబుల్‌లో వాళ్ల పేర్లున్న గడుల్లో 'ఇంటర్న్' అని రాసి ఉంది. మేము చేరకముందే రాసిపెట్టారు! ఎనిమిదో తరగతి లెక్కలు, ఆరో తరగతి సైన్సు, ఎవరు సెలవు పెడితే వాళ్ల క్లాసు. వారానికి 34 పీరియడ్లు. డైరీలు చూడటం, బస్సు డ్యూటీ, యాన్యువల్ డేకి డాన్సులు నేర్పడం అదనం. ఆ పనులకు నేనేమీ అనను, బడి అన్నాక ఉంటాయి. డాన్సులైతే ఇష్టంగానే నేర్పాను. కానీ 16 వారాల్లో నా క్లాసులో వెనక బెంచీ మీద ఎవ్వరూ కూర్చోలేదు. కళాశాల నుంచి సూపర్‌వైజర్ రెండుసార్లు వచ్చారు. ఒకసారి ఆఫీసు గదిలో టీ తాగుతూ పదకొండు మంది రికార్డుల మీద, అంటే ఇంటర్న్‌షిప్ పని రాసి చూపాల్సిన పుస్తకాల మీద, సంతకాలు పెట్టారు. రెండోసారి బ్యానర్ కట్టి గ్రూప్ ఫోటో.

నా తప్పూ చెప్పాలి. రికార్డులు మొత్తం పది. వారానికి 34 పీరియడ్లు చెప్పి వచ్చి రాత్రి వాటిని రాయడం నావల్ల కాలేదు. కళాశాల దగ్గర స్టేషనరీ షాపులో రాసి అమ్ముతారు. 1,800 రూపాయలిచ్చి రెండు కొన్నాను. పదింటిలో ఎక్కువ మార్కులు ఆ రెండింటికే వచ్చాయి.

నేనైనా బడి మొహం చూశాను. మా చిన్నమ్మ కూతురు అదీ చూడలేదు. అది కదిరిలో ఒక మార్ట్‌లో బిల్లింగ్ కౌంటర్ మీద ఉండేది. "బెంగళూరులో రెగ్యులర్ బీఈడీ, నాన్ అటెండింగ్, పరీక్షలకు వస్తే చాలు" అని ఒక ఏజెంటు చెప్పాడు. మూడు విడతల్లో లక్షా పదివేలు కట్టారు. నాలుగు సెమిస్టర్లకు నాలుగుసార్లు రాత్రి బస్సెక్కి మెజెస్టిక్ బస్టాండులో దిగింది. ప్రతిసారీ మా ఇంట్లోనే ఉండి పరీక్షలు రాసింది. అది కదిరిలో బిల్లులు కొడుతున్న రోజుల్లోనే ఇక్కడ రిజిస్టరులో దానికి 90 శాతానికి పైగా హాజరు పడింది. ఇప్పుడు సర్టిఫికెట్ చేతికొచ్చింది. అందులో ఒక్క అక్షరం కూడా నా సర్టిఫికెట్‌లో రాబోయేదానికంటే తక్కువ ఉండదు.

ఇది మా చిన్నమ్మ ఇంటి గుట్టు మాత్రమే అయితే నేను రాసేదాన్ని కాదు. ఉపాధ్యాయ విద్య మీద సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లోనే ఈ సంగతి చెప్పింది. దాన్ని ఉదహరిస్తూ 2020 జాతీయ విద్యా విధానం ఏం రాసిందో మీకు తెలుసు. టీచర్ కోర్సులు మాత్రమే నడిపే, 10,000కు పైగా ఉన్న విడి ఉపాధ్యాయ విద్యాసంస్థల్లో అధికభాగం టీచర్లను తయారుచేసే ప్రయత్నం కూడా చేయడం లేదనీ, డబ్బుకు డిగ్రీలు అమ్ముతున్నాయనీ ప్రభుత్వ పత్రమే అచ్చువేసింది. అచ్చు వేశాక ఏం జరిగిందన్నదే నా ప్రశ్న.

దీనివల్ల ఎవరికి ఏం జరుగుతోందో చెప్తాను.

1. అందరికంటే ముందు పిల్లలు. నా 16 వారాలు అయిపోయిన శుక్రవారం నాటికి ఎనిమిదో తరగతిలో కారణాంక విభజన సగంలో ఉంది. 41 మంది పిల్లలు. సోమవారం నుంచి వాళ్లకు లెక్కలు ఎవరు చెప్తారో హెచ్.ఎం.కు కూడా తెలియదు. "వేరే కాలేజీ బ్యాచ్ వస్తుందిలే" అన్నారు. అంటే ఆ పిల్లలు ఏడాదికి ఇద్దరు ముగ్గురు నేర్చుకునేవాళ్ల చేతుల్లో పడతారు, ఎవరి చేతిలోనూ పాఠం పూర్తవదు. పేరెంట్స్ మీటింగులో ఒక తండ్రి, ఆటో డ్రైవరు, "టెన్త్ దాకా మీరే ఉంటారు కదా మేడమ్?" అని అడిగాడు. నేను జీతం లేని ఇంటర్న్‌నని ఆయనకు తెలియదు. చెప్పొద్దని మాకు ముందే చెప్పారు. నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను గుచ్చుతోంది.

2. సర్టిఫికెట్ కొనుక్కున్నవాళ్లు. మా చిన్నమ్మ కూతురికి ఈ మధ్యే ఒక టౌనులో ప్రైవేటు బడిలో ఉద్యోగం వచ్చింది. మూడో రోజు రాత్రి ఫోన్ చేసింది. "అక్కా, అరవై కళ్లు నన్నే చూస్తుంటే నోరు ఎండిపోతోంది, ఏం చేయాలి?" వెనక బెంచీ మేడమ్ చెప్పినవన్నీ ఫోన్లో చెప్పాను. ఫోన్లో ఎంతని చెప్పగలను? మోసం చేసింది కదా అని మీరనొచ్చు. లక్షా పదివేలు కట్టి అది కొన్నది ఈ భయాన్నే.

3. రోజూ వచ్చి చదివినవాళ్లు. మా బ్యాచ్‌లో ఇద్దరు పిల్లల తల్లి ఒకామె హోస్కోటె నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. ఒక్క రోజూ మానలేదు. ఆమె మార్కులు, ఎప్పుడూ రానివాళ్ల మార్కులు ఒకేలా ఉన్నాయి.

4. ఉద్యోగాల్లో ఉన్న ప్రైవేటు టీచర్లు. పైసా ఖర్చు లేకుండా వారానికి 34 పీరియడ్లు చెప్పే మనిషి దొరికితే ఆ పోస్టు ఎవరు నింపుతారు? జీతం ఎందుకు పెంచుతారు? ఆ బడిలో నాతో సరిగా మాట్లాడని టీచరొకరు ఉండేవారు. ఎందుకో ఆలస్యంగా అర్థమైంది. పోస్టు ఖాళీగా ఉందని ఆమె తన చెల్లెలి దరఖాస్తు తెచ్చి ఇచ్చి ఉన్నారు.

వడపోయడానికి టెట్ ఉంది కదా అని ఒక అధికారి నా ఎదుటే అన్నారు. టెట్ అంటే రెండున్నర గంటల్లో 150 ప్రశ్నలు, నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవడం. చదివారో లేదో తెలుస్తుంది. క్లాసులో పిల్లాడు నవ్వినప్పుడు ఏం చేస్తారో తెలియదు. డిగ్రీ, బీఈడీ కలిపిన నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు వస్తోంది, అప్పుడు అన్నీ సర్దుకుంటాయి అన్నది ఇంకో జవాబు. 2030 నాటికి అదే కనీస అర్హత కావాలని విద్యా విధానం చెప్పింది, 2023-24లో మొదలైంది కూడా. మంచిదే. మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థలో నాలుగేళ్ల కోర్సులు అరవై ఏళ్లుగా మనకు తెలిసినవే. కానీ రికార్డుల మీద చూడకుండా సంతకం పెట్టే చెయ్యి అదే అయితే, రెండేళ్ల బదులు నాలుగేళ్ల సంతకాలు పెడుతుంది.

కాబట్టి ఇవి మా కోరికలు. "మా" అంటున్నది, ఈ లేఖ చదివి సరేనన్న ఇంకో పద్నాలుగు మంది తోటి విద్యార్థుల తరఫున కూడా.

1. ఇంటర్న్ హాజరు రిజిస్టరు కళాశాలలో కాకుండా బడిలో ఉండాలి, హెచ్.ఎం. రోజూ సంతకం చేయాలి. ఎవరు ఏ బడిలో, ఏ క్లాసులో, ఏ మెంటర్ కింద ఉన్నారన్న జాబితా కళాశాల నోటీసు బోర్డు మీద, బడి గేటు మీద అంటించాలి. దీనికి యాప్ అక్కర్లేదు, గుండుపిన్ను చాలు.

2. ప్రతి ఇంటర్న్ చెప్పే పాఠాల్లో వారానికి కనీసం రెండింటిని మెంటర్ టీచరు వెనక కూర్చుని పూర్తిగా చూడాలి, చూసింది రాసివ్వాలి. ఇంటర్న్‌షిప్ మార్కుల్లో సగం ఆ నోట్సు మీద, ఆ తర్వాత మేము దిద్దుకున్నదాని మీద ఉండాలి. రికార్డులు పది నుంచి మూడుకు తగ్గించండి. మిగతా ఏడూ స్టేషనరీ షాపువాళ్లకు తప్ప ఎవరికీ ఉపయోగపడటం లేదు.

3. అలా చూసే మెంటర్లకు వారానికి కొన్ని పీరియడ్లు తగ్గించి, గౌరవ వేతనం ఇవ్వండి. ఇప్పుడు వాళ్లు చేస్తున్నదంతా మంచితనంతో చేస్తున్నది. మంచితనం లేని చోట ఏమీ జరగడం లేదు.

4. ఖాళీ పోస్టుల్లో ఇంటర్న్‌లను కూర్చోబెట్టడాన్ని నిషేధించండి. ఏ సబ్జెక్టుకూ ఇంటర్న్ ఒక్కరే బాధ్యులుగా ఉండకూడదు. క్లాసులో ఉన్నది శిక్షణలో ఉన్న టీచరని తల్లిదండ్రులకు తెలియాలి.

5. స్టైపెండ్ ఇవ్వండి. మెడికల్ విద్యార్థి హౌస్ సర్జన్‌గా ఏడాది పనిచేస్తే స్టైపెండ్ వస్తుంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఫ్యాక్టరీలో పని నేర్చుకునే కుర్రాడికీ స్టైపెండ్ ఇవ్వమంది. మేము కనీసం భోజనం, దారి ఖర్చు అడుగుతున్నాం. 2023 నుంచి శక్తి పథకం పుణ్యమా అని మా ఆడపిల్లలకు సిటీ బస్సు ఉచితం. మా బ్యాచ్ అబ్బాయిల్లో ఇద్దరు రాత్రిళ్లు డెలివరీ పని చేసి, పొద్దున క్లాసులో నిలబడి కునికేవారు.

6. తనిఖీలు పరీక్షల రోజుల్లో, ముందే చెప్పి చేయకండి. నవంబరులో ఒక మంగళవారం పదకొండు గంటలకు రండి. రిజిస్టరు పక్కన పెట్టి బెంచీల మీద తలలు లెక్కపెట్టండి. పది నిమిషాల పని.

7. నాన్ అటెండింగ్ పద్ధతిలో చేరినవాళ్ల సర్టిఫికెట్లు రద్దు చేయమని నేను అడగను. చాలామంది మా చిన్నమ్మ కూతురిలాంటివాళ్లే, అప్పు చేసి కట్టినవాళ్లు. ఎగ్గొట్టిన 20 వారాలు నిజంగా బడిలో గడిపి పూర్తి చేసే అవకాశం ఇవ్వండి. శిక్ష వేయాలనుకుంటే ఆ హాజరు వేసిన చేతికి వేయండి. ఈ కోరిక మీద మా పద్నాలుగు మందిలో ఐదుగురు ఒప్పుకోలేదు, ఆ మాట కూడా రాయమన్నారు. హోస్కోటె ఆమె ఆ ఐదుగురిలో ఒకరు. ఆమె ముందు నా దగ్గర వాదన లేదు.

ఈ లేఖకు నెల రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాం.

ఆ 16 వారాల్లో ఏ రోజు, ఏ పీరియడ్, ఎవరి బదులు క్లాసు తీసుకున్నానో ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను. వెనక బెంచీ మేడమ్ చూసి నేర్చుకున్న అలవాటు. ఫలితాలు వచ్చిన మర్నాడు నా పేరుతో, హాల్ టికెట్టుతో ఆ పుస్తకం తెచ్చి ఇస్తాను. ఏ కార్యాలయానికి, ఎన్ని గంటలకు రావాలో చెప్పండి.

ఇట్లు,
ఒక బీఈడీ విద్యార్థిని, ఇంకో పద్నాలుగు మంది
బెంగళూరు